మేకపిల్ల సంపాదించిన కిరీటం

పిల్లలకు మంచి అలవాట్లు నేర్పడానికి తల్లిదండ్రులెందుకండీ, దండగ! సెల్‌ఫోనులో ఒక యాప్ ఉంటే చాలదూ?

నమ్మకపోతే మైపాడులో వినీలను చూడండి. మొగుడు వేటకు సముద్రం మీదికి పోతే, ఐదేళ్ల కూతురు వెన్నెల చేత పళ్లు తోమించి, ఆకుకూర తినిపించేసరికి ఆమెకు తలప్రాణం తోకకొచ్చేది. అలాంటి ఇంట్లోకి యాప్ వచ్చింది. అందులో ఒక కుందేలు. పళ్లు తోమితే స్టారు, చేతులు కడిగితే స్టారు, ఎగిరి ఆడితే ఏకంగా కిరీటం!

వెన్నెల మారిపోయింది. కుందేలుకు చూపించి మరీ పళ్లు తోముతోంది. కుందేలు చూడకపోతే తోమదు. ఆ మాత్రం నియమం ఉండొద్దా!

గంతులు లెక్కపెట్టాలంటే ఆడేటప్పుడు ఫోను పిల్ల ఒంటి మీదే ఉండాలట. వినీల దాన్ని వాటర్ బాటిల్ సంచిలో పెట్టి, కూతురి మెడకు తగిలించి, నిశ్చింతగా సీరియల్ ముందు కూర్చునేది. రోజూ కిరీటమే! "నా కూతురు లేడిపిల్ల" అని వీధంతా చెప్పుకుంది.

ఒక ఆదివారం ఫోనుతో పనిబడి బయటికొస్తే, లేడిపిల్ల పంచలో చతికిలబడి గవ్వలు పేర్చుకుంటోంది. మెడలో సంచి లేదు.

"ఫోనేదే?"

"మేకపిల్ల మెడలో ఉండాది మా. అది నాకన్నా బాగా ఎగరతాది!"

అత్త అంకాలమ్మ తన బటన్ ఫోనుతో రింగిచ్చింది. పెరట్లో మేక మెడలో పాట మోగింది! అది బెదిరిపోయి, దడి దూకి, సముద్రం దిక్కుకు పరుగు లంకించుకుంది.

"అయ్యో, నా ఫోను!"

"ఫోను తర్వాత మే, ముందు మేకను జూడు!" అని అరిచింది అంకాలమ్మ.

తల్లీ కూతురూ ఇసకలో పరుగు. ఆరేసిన వలలు తప్పించుకుని, పడవల చుట్టూ తిరిగి, తడి ఇసకలో ఒకరి మీద ఒకరు పడ్డారు. వినీలకు నవ్వాగలేదు. చివరికి అలల అంచున మేక దొరికింది.

ఇంటికొచ్చాక వెన్నెల తనంతట తానే చేతులు కడుక్కుని, తోటకూర పప్పన్నం మారు పెట్టించుకుంది. కుందేలు మాత్రం మేక పరుగుకు కిరీటమిచ్చి, "ఈరోజు ఆకుకూర తినలేదేం?" అని పిల్లను మందలించింది. చూడలేదు గదా పాపం!

ఇప్పుడైనా ఒప్పుకోండి యాప్ మహిమ. అది మేక మెడలో పడబట్టే గదా, తల్లి పిల్లతో ఆడింది!

వెన్నెల ఆ స్టార్ల వంక చూడనేలేదు. అమ్మ ఒళ్లోకి దూరి, గడ్డం పట్టుకుని అడిగింది.

"మా, రేపు గూడా మేకను వదిలేద్దామా?"