సమృద్ధి దేవత చేతులు

మోంతెవారా రాజ్యంలో సమృద్ధి పొంగిపొర్లుతున్న సంగతి ప్రజలకు సరిగా తెలియడం లేదని ఆస్థానం గుర్తించింది. అందుకని సభామందిరం పైకప్పు మీద సమృద్ధి దేవత బొమ్మ వేయించాలని డ్యూకుగారు సెలవిచ్చారు. పొగ తగిలితే తడి సున్నం మీద రంగులు నల్లబడతాయి కనుక, బొమ్మ పూర్తయ్యేవరకు కోట పక్కనున్న రొట్టెల బట్టీని ఆర్పవలసిందిగా ఉత్తర్వు కూడా వచ్చింది. ఇళ్లలో పిండి పిసికి తెచ్చి ఆ బట్టీలోనే కాల్పించుకోవడం ఊరి ఆనవాయితీ. ఊరికి ఉన్న బట్టీ అదొక్కటే.

అది బార్తోలాది. నిండైన మనిషి కావడంతో దేవతకు నమూనాగా ఆమెనే ఎంపిక చేశారు. బొమ్మ త్వరగా అయితే బట్టీ త్వరగా వెలుగుతుందని ఆమె మారుమాట్లాడకుండా వెళ్లి కూర్చుంది.

తడి సున్నం మీద బొమ్మ వేయడం నిదానమైన పని. ఏ పూటకాపూట పూసిన సున్నం మీద ఆ కాస్తే వేయాలి. ఆరిందంటే దిద్దడానికి వీల్లేదు, చెక్కి పారేయాల్సిందే. చిత్రకారుడు నోఫ్రీ చలికాలంలో కుడిచెయ్యి వేశాడు. ఎడమచేతికి వచ్చేసరికి ఎండలు ముదిరాయి.

"బార్తోలక్కా, ఆ చెయ్యి అలా చిక్కిపోయిందేమిటి? కాస్త నిండుగా పెట్టవమ్మా!"

"పొద్దున జావ, రాత్రి జావ. ఏం తిని నిండమంటావయ్యా, నీ సున్నమా?"

నోఫ్రీ కనిపించింది కనిపించినట్టే వేసే నిజాయితీపరుడు.

పొరుగు రాజ్యపు రాయబారి ముందు, ఊరి జనం ముందు తెర తీశారు. దేవతకు ఒక చెయ్యి దూలం, ఒక చెయ్యి పుల్ల. డ్యూకుగారి ముఖం కందగడ్డ అయింది. ఆస్థాన పండితుడు బాల్దీనో లేచి నిలబడ్డాడు.

"మహాజనులారా! ఆ లావుపాటి చెయ్యి ప్రభువులవారిది, మనకోసం కూడబెడుతోంది. సన్నటి చెయ్యీ వారిదే. మనకు పెట్టీ పెట్టీ అరిగిపోయింది!"

సభ చప్పట్లతో మారుమోగింది. రాయబారి కళ్లు తుడుచుకుని, తమ ప్రభువుకు రెండు చేతులూ సన్నవే వేయించాలని అక్కడికక్కడే నిశ్చయించుకున్నాడు.

"బొమ్మ అయిపోయింది కదా ప్రభూ, ఇక నా బట్టీ వెలిగించుకోనా?" అని బార్తోలా అడిగింది.

చెప్పులు కుట్టే మాటియా ఆమెను మోచేత్తో పొడిచాడు. "ఊరుకోవమ్మా! ఇంత అర్థమున్న బొమ్మ కింద నిలబడి రొట్టెల గోలేమిటి?"

డ్యూకుగారిది మెత్తని మనసు. "నీ బట్టీ పొగ పెడుతుందమ్మా. నోఫ్రీ! పైకప్పు మీద ఆ మూల సున్నం చెక్కించి మంచి బట్టీ బొమ్మ వెయ్యి. నిండా రొట్టెలుండాలి. పొగ ఉండకూడదు" అన్నారు. జనం జేజేలు కొట్టారు.

ఆదివారం ఆ బట్టీ చూడడానికి అందరినీ రానిచ్చారు. బార్తోలా వెళ్లేసరికే వరస వీధి మలుపు దాటింది.

"ఏయ్, మధ్యలో దూరకు!" అని మాటియా గద్దించాడు. "తెల్లారకముందే వచ్చాం మేం."

ఆమె వరస చివరికి వెళ్లి నిలబడింది. ముందున్నవాళ్లంతా బుట్టలు తెచ్చుకున్నారు.