నలభై రెండు డిగ్రీల తొట్టిలో హెల్గి కొడుకు చెప్పిన నిజం

స్వస్తిశ్రీ. ఇది వేసవి తొలిదినమని పంచాంగం ఘంటాపథంగా చాటుతుండగా, ఆ కబురు ఇంకా అందని ఉత్తరవాయువు గుప్పిళ్లతో మంచు విసురుతుండగా, ఆ మంచులోనే పురజనులు ఒకరికొకరు వేసవి శుభాకాంక్షలు చెప్పుకుని ముక్కులు తుడుచుకుంటుండగా, ఐస్‌లాండ్ వాయవ్యతీరాన మత్స్యగంధబంధురమైన థోకువిక్ అనే రేవు పట్టణంలో, మునిసిపల్ ఈతకొలను ప్రాంగణాన, భూగర్భాగ్నిసంతప్తమై సలసల కాగుతున్న నలభై రెండు డిగ్రీల వేడితొట్టిలో, గురువారం ఉదయం పదిన్నరకు ఒక మహాసంగ్రామం జరిగింది. నేను కళ్లారా చూశాను. పక్కనున్న ముప్పై ఎనిమిది డిగ్రీల తొట్టిలో కూర్చుని చూశాను. దాన్ని మా ఊళ్లో పిరికివాళ్ల తొట్టి అంటారు. అననివ్వండి. కావ్యం చెప్పేవాడు ఉడికిపోతే కావ్యం ఎవరు చెబుతారు?

ఆ తొట్టికో ధర్మశాస్త్రం ఉంది. ఎవరూ రాయలేదు, ఎవరూ మీరలేదు. అందులో దిగినవాడికి హోదా లేదు, బిరుదు లేదు, ఈతబట్టలు మినహా కవచం లేదు. అడిగినదానికి నిజం చెప్పి తీరాలి. వాదం నడుస్తుండగా ముందు నీళ్లలోంచి లేచినవాడు ఓడినట్టు లెక్క. చేపల కోటాల మీదా, చర్చి గంట మరమ్మతు మీదా జరిగిన పూర్వయుద్ధాలన్నీ ఈ శాస్త్రం ప్రకారమే తేలాయి.

ఇక వీరులను అవధరించండి. తూర్పుగట్టున హెల్గి కొడుకు ఒడ్డుర్: ఐస్ ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు యంత్రాల రోగాలు కుదిర్చిన స్పానర్‌పాణి, గ్రీజువిభూషణుడు, భార్య పోయి తొమ్మిదేళ్లుగా ఒంటికుండలో బంగాళాదుంపలు ఉడకేసుకుంటున్న ఏకాకి. పడమటిగట్టున గ్రిమ్ కూతురు యోరున్: పోస్టాఫీసు కౌంటరు వెనక నలభై ఏళ్లపాటు పార్శిళ్ల నెత్తిన ముద్రలు గుద్దిన ప్రచండబాహుదండ, ఆమె కూడా ఒంటరిదే. ఇద్దరికీ నడుమ గడ్డం దాకా మునిగి, ఎనభై దాటిన గిస్లి మాస్టారు: సగం ఊరికి ఎక్కాలు నేర్పిన వృద్ధాచార్యుడు, ఏ గొడవలోనైనా మధ్యవర్తి, చాలా గొడవలకు కారకుడు.

వచ్చే ఒకటో తారీఖున యోరున్ తన ఇల్లు ఖాళీ చేసి ఒడ్డుర్ ఇంటికి కాపురానికి రానుంది. ఆమె పడక్కుర్చీ, రెండు పూలకుండీలు ముందస్తు సైన్యంగా అప్పటికే వచ్చి హాల్లో మకాం వేశాయి. ఒడ్డుర్ రోజుకోసారి ఆ కుర్చీ పక్కనించి ఊరికే నడుస్తాడు. అంత సంతోషం. కానీ కుర్చీతోపాటు ఒక సినిమా కూడా వస్తోంది.

దాని పేరు 'కెరటం మరచిన కొడుకు'. ఇరవై రెండేళ్ల కిందట రాజధాని నుంచి ఒకాయన వచ్చి మా ఊళ్లోనే తీశాడు. ఊరంతా అందులో వేషం వేసింది. కాబట్టి మా ఊళ్లో ఆ సినిమా బాగాలేదనడం, పసిబిడ్డను చేతికిస్తే ముఖం చిట్లించడం లాంటిది. యోరున్ అందులో జెట్టీ మీద ఏడ్చే వితంతువు. ప్రతి ఆదివారం భోజనమయ్యాక దాన్ని మొదట్నుంచి చివరిదాకా చూస్తుంది. ఒడ్డుర్‌కు భూమ్మీద అంతకన్నా నచ్చని సినిమా లేదు. తెలిసీ తెలియని తొలిరోజుల్లో, ఆమె ఇచ్చిన కాఫీ తాగుతూ, తనకు అన్నింటికన్నా ఇష్టమైన సినిమా అదేనని ఒకసారి అనేశాడు. దాంతో రెండేళ్ల ఆదివారాలు పోయాయి. ఇవాళ నోరు విప్పకపోతే యావజ్జీవితం ఆదివారాలు పోతాయి, విప్పితే కుర్చీ పోతుంది.

అట్టి విషమఘడియలో, సెలవురోజు తోచక, గిస్లి మాస్టారు శంఖం పూరించారు.

"ఊరికే కూర్చోడమెందుకు, ఒకటి అడుగుతా. మీకు బాగా నచ్చిన సినిమా ఏది, అస్సలు నచ్చనిదేది? ఒక్కొక్కళ్లూ చెప్పండి."

"నచ్చింది మీకు తెలిసిందేగా," అంది యోరున్. "నచ్చనిదంటే, మొన్న పండక్కి టీవీలో వేశారే, ఒకాయన మూడు గంటలు ఒక్కడే అడవిలో నడుస్తాడు. ఒక్క ముక్క మాట్లాడడు. మాట్లాడనివాణ్ణి చూడ్డానికి టీవీ ఎందుకండీ? ఒడ్డుర్‌ది కూడా మన సినిమానే, రాసేసుకోండి."

అప్పుడా హెల్గినందనుడు, స్వేదజలమో తొట్టిజలమో తెలియని బిందువులు కనుబొమ్మల మీద గడ్డకడుతుండగా, ముందున్న ఆదివారాలన్నీ కవాతు చేస్తూ కళ్లముందు సాగిపోతుండగా, ఊపిరితిత్తుల నిండా ఆవిరి పీల్చి, ఈ మహావాక్యం పలికాడు:

"నాకు నచ్చనిదే అది, మాస్టారూ."

దిక్కులు స్తంభించాయి. కొలను చుట్టూ మంచు ఊడుస్తున్న ఉద్యోగిని ఆస్‌డిస్, చీపురు ఆపింది. అటూ ఇటూ ఈదుతున్న పాస్టరుగారు కాసిని నీళ్లు మింగారు.

"ఏమన్నావు?" అంది యోరున్.

"విన్నావుగా."

"రెండేళ్లు నా పక్కన కూర్చుని చూశావు. కళ్లు కూడా తుడుచుకున్నావు."

"ఆవలిస్తే నీళ్లొస్తాయి యోరున్."

గ్రిమతనయ కోపతామ్రాక్షియై తొట్టినీటి మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచింది. నలభై ఏళ్లు పార్శిళ్ల మీద ఆరితేరిన ఆ చరుపుకి లేచిన కెరటం మాస్టారి ముక్కుదాకా వెళ్లింది.

"నీ కడుపుమంట నాకు తెలీదనుకున్నావా? శవం వేషమిస్తే తుమ్మావు. తీసినాయన నిన్ను లేపేసి మంచి శవాన్ని పెట్టుకున్నాడు. అది మనసులో పెట్టుకున్నావు."

"తుమ్మిన మాట నిజం," అన్నారు మాస్టారు. "నేనక్కడే ఉన్నా."

"తడిగుడ్డ కప్పి నాలుగ్గంటలు జెట్టీ మీద పడుకోబెడితే మీరైనా తుమ్ముతారు మాస్టారూ. దానికీ దీనికీ సంబంధం లేదు." ఒడ్డుర్ కంఠం మెల్లమెల్లగా భేరీనాదమైంది. "ఆ కొడుకు పడవెక్కుతాడు. ఎందుకెక్కుతాడో చెప్పడు. వాళ్లమ్మ కిటికీలోంచి చూస్తుంది. ఏడు నిమిషాలు చూస్తుంది, గడియారం పెట్టుకుని మరీ చెప్తున్నా. తర్వాత ఇంజను గదిలో మంట లేస్తుంది. నలుగురు మగాళ్లు, ఆ నలుగురూ చుట్టూ నిలబడి పాట పాడతారు. అరే, ఆ డీజిలు వాల్వు కట్టెయ్యండ్రా అని రెండేళ్లుగా లోపల్లోపలే మొత్తుకుంటున్నా. ఎర్రగా అక్కడే కనిపిస్తూ ఉంటుంది ఆ వాల్వు. ఒక్కడూ చెయ్యి పెట్టడు. వాళ్లు మునిగిపోతే నేనెందుకేడవాలి?"

"అయ్యిందా? మరి తమరికి నచ్చిందేదో సెలవియ్యండి."

ఒడ్డుర్ గట్టు వంక చూశాడు. శాస్త్రం శాస్త్రమే.

"ఎలుగుబంటి ట్రాక్టరు నడుపుతుందే, అది."

"పిల్లల సినిమానా?" అంది యోరున్.

"పిల్లలదే. రెండుసార్లు చూశా."

"ఏ పిల్లల్ని తీసుకెళ్లావు?"

"ఒక్కణ్ణే వెళ్లా. టిక్కెట్లావిడ కూడా ఇదే అడిగింది."

"ఏముందయ్యా అందులో?"

"ట్రాక్టరు చెడిపోతే ఎలుగుబంటి దాన్నంతా విప్పి, కడిగి, మళ్లీ బిగిస్తుంది. ఒక్క బోల్టు మిగల్లేదు. నేను లెక్కపెట్టా."

ఇరుపక్షాల అభిప్రాయాలు ఇలా నగ్నంగా నిలిచి, మాటల అమ్ములపొదులు ఖాళీ అయి, చూపులతో యుద్ధం సాగుతున్న వేళ, నడుమనున్న వృద్ధాచార్యుడు ఉడికిన రొయ్యరంగుకు తిరిగి, రెయిలింగు పట్టుకుని లేచారు. "మీరిద్దరూ ఇక్కడే చచ్చిపోండమ్మా. నాకు కాఫీ కావాలి," అని దేహాన్ని తువ్వాల్లో చుట్టుకుని వెళ్లిపోయారు. శాస్త్రప్రకారం ఆనాటి పరాజితుడు ఆయనే. ఏ సినిమా గురించీ ఒక్క అభిప్రాయం చెప్పకుండా సినిమాల యుద్ధంలో ఓడిన తొలి మానవుడు మా ఊరివాడని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

తొట్టిలో ఇద్దరే మిగిలారు. యోరున్ అంది, ఈసారి నీళ్లు చరవకుండా:

"శనివారం వచ్చి కుర్చీ తీసుకెళ్తా."

హెల్గి కొడుకు గుండె నట్టు ఊడినట్టయింది. ఖాళీ హాలు కళ్లకు కట్టింది. ఇంకో తొమ్మిదేళ్లు, ఒకే కుండ. అతనికి నిజంగా భయమేసింది. అయినా చెప్పినదాన్ని వెనక్కి తీసుకోలేదు.

"తీసుకెళ్లు. కానీ మిగతాది కూడా వినేసి తీసుకెళ్లు. ఆ సినిమాలో ఒక్కచోట నేను ఆవలించలేదు. జెట్టీ మీద నలుగురు ఆడవాళ్లు ఏడుస్తారు. ముగ్గురికి గాలే తగలదు, బొమ్మల్లా నిలబడి ఏడుస్తారు. నువ్వొక్కదానివే ఒక చేత్తో టోపీ పట్టుకుని ఏడ్చావు. మా నాన్న పడవ రాని రోజు మా అమ్మ అలాగే పట్టుకుంది. ఏడుస్తూనే పట్టుకుంది. నేను పక్కనే ఉన్నా. సినిమాలో ఇంకెవరికీ అది తెలీలేదు, తీసినాయనతో సహా."

మంచు ఇద్దరి జుట్టు మీదా పడుతోంది.

"ఆ టోపీ మా చెల్లెలిది," అంది యోరున్. "ఎగిరిపోతే నన్ను బతకనివ్వదు. నేను ఏడుపు గురించి ఆలోచించనేలేదు. టోపీ గురించే."

"అందుకే బాగుంది."

"మిగతాదంతా నిజంగానే బాలేదా?"

"నీ ముక్క తప్ప."

"నా ముక్క డెబ్బై ఒకటో నిమిషంలో వస్తుంది. పదకొండు సెకన్లు. ఆ తర్వాత ఇంకో నలభై ఏడు నిమిషాలుంది."

"తెలుసు. ఒక్కొక్క నిమిషం తెలుసు."

పోస్టాఫీసులో తూకం సరిచూసేటప్పటి ముఖం పెట్టి యోరున్ ఆలోచించింది. "సరే. నా ముక్క అయ్యాక ఆపేస్తా."

"మరి దానికి ముందుది?"

"ముందుది చూడాల్సిందే. చూడకపోతే నేనెందుకేడుస్తున్నానో నీకెలా తెలుస్తుంది?"

"ఇరవై రెండేళ్లుగా తెలుసు కదా."

"చూడాల్సిందే."

"సరే."

"ఎలుగుబంటిది మాత్రం నన్ను చూడమనకు."

"అనలేదుగా."

"అనకు."

శనివారం కుర్చీ కదల్లేదు. ఆదివారం భోజనమయ్యాక సినిమా మొదలైంది. కొడుకు పడవెక్కాడు. తల్లి కిటికీలోంచి ఏడు నిమిషాలు చూసింది. మంట లేచింది, పాట పాడారు, ఒడ్డుర్ ఈసారి "వాల్వు కట్టండ్రా" అని పైకే అరిచాడు, యోరున్ "నోర్ముయ్" అంది. ఇదంతా మీకెలా తెలుసంటారా, మా ఊళ్లో కిటికీలకు తెరలు లాగరు, కవులకు వేరే పనుండదు. డెబ్బై ఒకటో నిమిషాన జెట్టీ మీద గ్రిమతనయ ఒక చేత్తో టోపీ పట్టుకుని ఏడ్చింది. అన్నమాట ప్రకారం తెర ఆగింది. ఎదురుగా నలభై ఏడు నిమిషాల సువిశాల స్వేచ్ఛాసామ్రాజ్యం.

ఒడ్డుర్ కదల్లేదు. "ఇంకోసారి వెయ్యి," అన్నాడు.

ఆమె వేసింది.

అష్టదిక్కులారా, ఆలకించండి. స్పానర్‌పాణి, సత్యవాక్పరాయణుడు, నలభైరెండుడిగ్రీలతొట్టివిహారి, హెల్గినందనుడు ఒడ్డుర్ మహావీరుడు సాటిలేని సాహసంతో శత్రువు చేతినుంచి ఆనాడు గెలుచుకున్నది సరిగ్గా నలభై ఆరు నిమిషాల నలభై తొమ్మిది సెకన్లు.