వెంట వచ్చిన భార్య

"కోడలు మామగారి కాలికి కట్టు కట్టాలన్నా సర్కారు అనుమతి కావాలట్రా? ఎక్కడి విడ్డూరం!" అని అత్తగారు మళ్ళీ మొదటికొచ్చారు.

"చట్టం చట్టమేనమ్మా" అన్నాడు కొడుకు. సైన్యంలో ఉన్నవాడు, నియమం ఎదురైతే సెల్యూట్ కొట్టకుండా ఉండలేడు.

మామగారు గాయపడిన కాలు స్టూలు మీద పెట్టుకుని ఇరుపక్షాల వాదనలూ వింటున్నారు. కాలు ఆయనది కనుక ఆయన్నెవరూ ఏమీ అడగలేదు.

కోడలు దూది, గాజుగుడ్డ పట్టుకుని నిలబడింది. ఆమె నర్సు. అంటే, కిందటి ఊళ్ళో నర్సు. అంతకుముందు ఊళ్ళోనూ నర్సే. ఈ రాష్ట్రంలో అడుగుపెట్టగానే, పాత లైసెన్సు చెల్లక, గృహిణి అయింది.

చివరికి భర్తే ఒక మెట్టు దిగాడు. "సరే, కానియ్. కట్టు అని మాత్రం అనకు. గుడ్డ చుట్టానని చెప్పు."

గుండె అన్ని రాష్ట్రాల్లోనూ ఎడమవైపే కొట్టుకుంటుంది. కానీ ఒకచోట దాన్ని విన్న చెవి ఇంకోచోట పనికొస్తుందని నమ్మకమేమిటి? అందుకే ప్రజల ప్రాణాలను కంటికి రెప్పలా కాపాడే అనుమతుల మండలి, పక్క రాష్ట్రం నుంచి వచ్చిన ప్రతి నర్సునూ అప్పుడే పుట్టిన పిల్లలా చూసుకుంటుంది. సైనికుల భార్యలంటే మండలికి మరీ అభిమానం. వాళ్ళకోసం సత్వర విభాగమని వేరే గది తెరిచి, మెత్తటి కుర్చీలు వేయించింది. చాలాసేపు కూర్చోవాలి కదా మరి.

"నిబంధన మంచిదేనమ్మా" అన్నాడు ఆ గదిలోని గుమాస్తా. "బదిలీ అయిన సైనికుడి వెంట వచ్చిన భార్యకు వెంటనే లైసెన్సు. మీవారెప్పుడొచ్చారు?"

"నా తర్వాత వారానికి. ఇల్లు శుభ్రం చేయించి, నీళ్ళూ కరెంటూ చూసుకోవాలని అత్తయ్యావాళ్ళతో నేను ముందొచ్చాను."

"అదే చిక్కు. వెంట అంటే వెనక. మీరు ముందొచ్చేశారు."

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"మీరిద్దరూ పొలిమేర అవతలికి వెళ్ళి, ఆయన వెనకాలే మీరు మళ్ళీ రాగలరా?"

అతను వెటకారమాడలేదు. సాయం చేద్దామనే అన్నాడు. భర్త కూడా ఆ సంగతి శ్రద్ధగా ఆలోచించాడు గాని, సెలవు దొరకలేదు. దాంతో 'వెంట' అన్న మాటకు అర్థం తేల్చడానికి మండలి ఒక ఉపసంఘాన్ని వేసింది.

ఈలోగా ఊరి ఆసుపత్రిలో నర్సులు చాలక ఒక వార్డుకు తాళం పడింది. ఊరికే సాయం చేస్తానని ఆమె వెళితే, వాళ్ళు పెద్ద మనసుతో ఒప్పుకుని, రోగులకు పేపరు చదివి వినిపించే పని అప్పగించారు. సెలైన్ సీసా అయిపోతే ఆమె చూడవచ్చు. గమనించకూడదు.

సైనిక కుటుంబాల సన్మాన సభలో మండలి అధ్యక్షుడు ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టి గద్గద స్వరంతో మాట్లాడాడు: "సైనికుడు దేశానికి కవచం! ఆ కవచం వెనక కొట్టుకునే గుండె ఆయన భార్య! ఈ త్యాగమూర్తులకు మనం ఏమిచ్చినా తక్కువే!"

ఏమీ ఇవ్వకపోవడం ఎందుకో ఆమెకు అప్పుడర్థమైంది. తక్కువిచ్చి అవమానించడం మండలికి ఇష్టం లేదు.

మామగారి కాలు లైసెన్సు కోసం చూడకుండా దానంతటదే మానిపోయింది. కొన్ని నెలలకు ఉపసంఘం కూడా, ముందు రావడం వెంట రావడంలో ఒక రకమేనని ఉదారంగా తేల్చింది. లైసెన్సు ఇంటికొచ్చింది. అదే వారంలో భర్తకు బదిలీ వచ్చింది. ఇంకో రాష్ట్రానికి.

భోజనాల దగ్గర చర్చంతా ప్రయాణం మీదే.

"ఈసారీ నువ్వే ముందెళ్ళి ఇల్లు చూడు" అన్నాడు భర్త.

"వద్దురా బాబూ! నీ వెంటే తీసుకెళ్ళు. లైసెన్సు తొందరగా ఇస్తారు" అన్నారు అత్తగారు. ఆవిడకు చట్టం బాగా ఒంటబట్టింది.

కోడలు అందరికీ మంచినీళ్ళు పోసి కూర్చుంది. "నేను రావడం లేదండీ. సోమవారం ఆసుపత్రిలో చేరుతున్నాను. మూసేసిన వార్డు తెరుస్తారట. సెలవులకి మీ దగ్గరికొస్తాను."

మామగారు ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోయారు. భర్త ఏ నియమం కిందా ఈ మాటను తప్పు పట్టలేక తల్లివైపు చూశాడు.

"మొగుడొకచోట, పెళ్ళామొకచోట! అదేం కాపురమే తల్లీ? నలుగురూ ఏమంటారు?"

"మీ అబ్బాయి మనల్ని వదిలి సరిహద్దుకి వెళ్ళినప్పుడు త్యాగమన్నారు కదత్తయ్యా. ఈసారీ అదే అనమందాం."