మరుపులేని కళ్ళజోడు, మామగారి చెవులు

ఆ ఉదయం కళ్ళజోళ్ళ వ్యాపారి చేతిలో ఉన్నవి రెండు. వేడి తగిలితే పాత ఆకారానికి వచ్చేసే జ్ఞాపకపు లోహపు ఫ్రేములు ఒక పెట్టెడు. అల్లుడికి ఏ పనీ చేతకాదని గట్టిగా నమ్మే మామగారు ఒకరు. మామగారు విశ్రాంత ఉద్యోగుల సంఘానికి అధ్యక్షుడు. సాయంత్రం సభలో ఆయన ఆ కళ్ళజోడు పెట్టుకుని ఒక్క మంచి మాట అంటే పెట్టె ఖాళీ అవుతుంది, అల్లుడి పరువూ నిలుస్తుంది.

అందుకే ఆయన్ని కొట్లో కూర్చోబెట్టి, ఫ్రేము కాడను మెలిపెట్టి, వేడినీళ్ళ గ్లాసులో ముంచాడు. కాడ ఒళ్ళు విరుచుకున్నట్టు తిన్నగా అయింది.

"గుండె రక్తనాళాల్లో పెట్టే స్టెంట్లు కూడా ఇలాంటి లోహంతో చేస్తారు మామయ్యగారూ."

"గుండెలో పెట్టేదాన్ని తెచ్చి నా ముక్కు మీద పెడతావా? సరే, కానీ."

పెడితే ఎడమవైపు జారింది. వ్యాపారి వేళ్ళు అలవాటు కొద్దీ ఎడమ కాడను కాస్త వంచి సరిచేశాయి.

గంట తిరక్కుండానే మామగారు తిరిగి వచ్చారు. కళ్ళజోడు మేకు ఊడిన బోర్డులా ఒరిగి ఉంది.

"ఇదా నీ పనితనం?"

"దిండు కింద పెట్టుకున్నారా?"

"పట్టపగలు నేనెందుకు పడుకుంటాను?"

"పోనీ, అత్తయ్యగారు చూసుకోకుండా దానిమీద కూర్చున్నారేమో..."

మళ్ళీ వంచి పంపాడు. కాసేపటికే భార్య ఫోను చేసింది.

"మా అమ్మ గుడ్డిదనా మీ ఉద్దేశం, లావుగా ఉందనా? ఏదో ఒకటి తేల్చండి!"

"రెండూ కాదే!"

"అయితే కూర్చోలేదని అబద్ధమాడుతోందా?"

మధ్యాహ్నం మామగారు మళ్ళీ వచ్చారు, అదే వంకరతో. వ్యాపారి ఈసారి పళ్ళు బిగబట్టి వంచాడు. ఆయన వెళ్ళీ వెళ్ళగానే అత్తగారు కొట్లోకి వచ్చి కుర్చీ లాక్కున్నారు.

"ఏమైనా ఉన్నాయేమో చూసుకో నాయనా, కూర్చుంటున్నాను. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటా. ఇప్పుడు వంకరైతే ఎవరిమీద పెడతావో చూస్తా!"

సాయంత్రం అత్తా అల్లుడూ కలిసే సభకు వెళ్ళారు. మామగారు వేదిక మీద ఫ్లాస్కు మూత తీసి, వేడినీళ్ళు సాసరులో పోసి, కళ్ళజోడు ముంచారు.

"ఆగండి! పొద్దుట్నుంచీ ఇదే చేస్తున్నారా?" వ్యాపారి అరిచాడు.

"నువ్వే కదా ముంచి చూపించావు! పెట్టుకునే ముందల్లా ముంచాలేమో అనుకున్నా."

వ్యాపారి తలపట్టుకున్నాడు. "వేడి తగిలితే అది నేను వంచిందంతా మరిచిపోతుంది మామయ్యగారూ. ఇప్పుడది తిన్నగా ఉంది."

బల్లమీద పెడితే నిజంగానే తిన్నగా ఉంది. ముఖం మీద పెడితే ఒరిగింది.

"మరి వంకర ఎక్కడుంది?" అన్నారు మామగారు.

"మీ ఎడమ చెవి కిందికుంటుంది," అన్నారు అత్తగారు. "పెళ్ళయిన కొత్తలోనే చూశాను. బాధపడతారని చెప్పలేదు."

సభ గొల్లున నవ్వింది. ఆ వెంటనే ఒక్కొక్కరి చెయ్యీ మెల్లగా సొంత చెవుల మీదికి వెళ్ళింది.

"మన గుట్టు రట్టు చేసే కళ్ళజోడు మనకెందుకయ్యా," అన్నాడు కార్యదర్శి. అందరూ అవునన్నారు.

లెక్క చూస్తే పెట్టెలోంచి ఒక్క ఫ్రేమూ అమ్ముడుపోలేదు. కానీ ఆ రోజు నుంచి మామగారు అల్లుడి పనికి వంకపెట్టలేదు. ఆ పెట్టెను వ్యాపారి ఇప్పటికీ కొట్లో మామగారు కూర్చునే కుర్చీకి ఎదురుగానే ఉంచాడు, పక్కన ఒక వేడినీళ్ళ గ్లాసుతో సహా.