పైవాళ్ళకే సిగ్నల్

నా రాతలో ఒత్తులు తప్పితే మన్నించండి. మా ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయనే చదివి పెట్టేవారు. అక్షరాలతో నాకు పని పడింది ఆయన పోయాకే. నెమ్మదిగా రాస్తాను, మీరూ నెమ్మదిగా చదవండి.

అయినా ఒక్క మాట గట్టిగానే చెప్తాను. ఇంట్లో ఫోన్‌కి సిగ్నల్ అందకపోవడం మన అదృష్టం!

కోప్పడకండి. మందులూ సామాన్లూ మోసుకుంటూ మన నెత్తిమీద డ్రోన్లు తిరుగుతున్నాయి కదా. పాపం, వాటి కష్టం మీకేం తెలుసు? అంత ఎత్తున వాటికి ఊళ్ళోని టవర్లన్నీ ఒకేసారి కనిపిస్తాయట. బట్టల కొట్లో తానులన్నీ పరిపించుకున్న మనిషిలా, ఏది పట్టుకోవాలో తేలక తికమకపడతాయట. అందుకని కంపెనీవారు మా వీధి టవర్ ముఖాన్ని ఆకాశం వైపు తిప్పారు. ఇప్పుడు డ్రోన్లకి నిండుగా సిగ్నల్. మరి మాకు? మాకు ప్రశాంతత!

ఎదురింటి గుమాస్తాకి ఆఫీసరు ఫోన్ అందడం లేదు. మనిషి ఒళ్ళు చేశాడు. కింది వాటా కోడలికి అత్తగారి సలహాలు సగంలోనే తెగిపోతున్నాయి. ఆ పిల్ల పాటలు పాడుకుంటోంది! బట్టలు ఎప్పుడిస్తావని నన్నెవరూ ఫోన్లో అడగడం లేదు. కుట్టుపని చేసేవాళ్ళకి ఇంతకన్నా స్వర్గం ఉందా?

ఇక నా బీపీ మాత్రల సంగతి. అవి నిండుకున్నాయని నన్ను చూడవచ్చినప్పుడు చెబితే, ఊరికి ఆ చివర ఉండే మా అమ్మాయి యాప్‌లో ఆర్డర్ పెట్టింది. డ్రోన్ మా డాబా మీదికొచ్చి నిలబడింది. నా ఫోన్‌కొచ్చే ఓటీపీ చెబితేనే పొట్లం వదులుతుంది. ఆ ఓటీపీ ఇంట్లోకి రాదు. మోకాళ్ళు పట్టుకుని నేను డాబా ఎక్కేసరికి డ్రోన్ తిరుగుముఖం పట్టింది. పోతూ పోతూ అమ్మాయికి కబురు పెట్టింది. యాప్‌లో పేరు రాయమన్నచోట మా పిల్ల 'అమ్మ' అని రాసిందట. అందుకని మెసేజ్ ఇలా వచ్చింది: "అమ్మ లేరు. మందులు వెనక్కి తీసుకెళ్తున్నాం."

ఫోన్ చేస్తే నేను అందను. ఇంకేముంది! అల్లుణ్ణి వెంటబెట్టుకుని ఏడుస్తూ వచ్చింది. డాబా మీద నేను ఇంకా ఫోన్ పైకెత్తి పట్టుకునే ఉన్నాను.

"అమ్మా! ఉన్నావా?"

"ఉన్నానే. సిగ్నలే లేదు."

"మాత్రలేవి అత్తయ్యా?" అన్నాడు అల్లుడు.

"నేను లేనని పట్టుకుపోయింది నాయనా."

అమ్మాయికి ఒళ్ళు మండింది. తన ఫోన్‌ది వేరే కంపెనీ సిగ్నల్ కనుక, అక్కణ్ణించే స్పీకర్ పెట్టి మా టవర్ కంపెనీకి ఫోన్ కలిపింది. అవతలి పిల్ల గొంతు తేనె.

"మేడమ్, సిగ్నల్ పోతే డ్రోన్ కింద పడిపోతుంది. మీ అమ్మగారికి పోతే ఏమవుతుంది చెప్పండి?"

ఎంత న్యాయమైన ప్రశ్న! జవాబు ఆలోచిస్తూ మెట్లు దిగుతుంటే, మాత్ర పడని తల గిర్రున తిరిగింది. అల్లుడు రెక్క పట్టుకోబట్టి ఆగాను.

కాబట్టి కంపెనీవారికి నా విన్నపం. నన్ను కూడా డ్రోన్ల లెక్కలో వేసుకోండి. నేనూ పడతాను. రెక్కలు లేవంటారా? నేనే కుట్టుకుంటాను!

— కుట్టుమిషనమ్మ, డెబ్బై ఒకటో ఏడు, నాలుగో అంతస్తు వెనక వాటా