సదరహూ పెంటప్ప

ఆ పొద్దున పెంటప్ప పెట్టుకున్నవి రెండే పనులు. తలుపు మీద అంటించిపోయిన మునిసిపల్ నోటీసు ఎవరిచేతనైనా చదివించుకోవాలి, ఆపైన మగ్గం మీదున్న చీర దింపాలి. మరాఠీ ఊళ్ళో తెలుగు నేతగాళ్ళుండే దాజీ పేటకు కరెంటు మగ్గాలు ఇంకా రాని కాలం. అతని మగ్గం ఇంటి ముందు వసారాలో ఉండేది. వసారా రోడ్డు మీదికి వచ్చిందని మునిసిపాలిటీ కన్ను ఎప్పటినుంచో దాని మీదే. అది కూలిందంటే మగ్గానికి చోటు లేదు, ఇంట్లో పొయ్యికి పని లేదు.

పక్కింటి లింగయ్య మరాఠీ బడికి పోయినవాడు. అతన్ని పిలిస్తే వచ్చి కూర్చున్నాడు. కాగితం పైనుంచి కిందిదాకా ఒకటే వాక్యం. "సదరహూ ఆసామీ యొక్క ఉపరినిర్దిష్ట బహిర్గత కట్టడము విషయమై అన్యథా కారణము దర్శింపబడని యెడల..." అని తెలుగులోకి తిప్పుతూ పోయి, ఊపిరాడక ఆగాడు.

"ఏమంటున్నడు?" అన్నాడు పెంటప్ప.

"వసారా ఉంటదంట. ఉండకపోతే తీసేస్తడంట."

"రెండిట్ల ఏది?"

"ఈ మగ్గాల సప్పుడుకు బుర్రకెక్కుతలేదే. జర ఆపుమను."

పెంటప్ప పోయి అటు ఇంటివాళ్ళనూ ఇటు ఇంటివాళ్ళనూ బతిమాలి మగ్గాలు ఆపించాడు. కొంప మునిగింది అక్కడే. పట్టపగలు ఆ పేటలో మగ్గాలు ఆగేది ఎవరైనా పోయినప్పుడే. శవం లేచేదాకా ఎవరూ మగ్గం ముట్టరు. చప్పుడు ఆగడం విని పక్క సందువాళ్ళు, పోయిందెవరో అడగకుండానే, మర్యాదకు తామూ ఆపేశారు. వాళ్ళను విని ఆ వెనక సందు, దాన్ని విని ఆ పై సందు. కాసేపట్లో పేట మొత్తానికి నోరు పడిపోయింది.

పుట్టి బుద్ధెరిగాక పెంటప్ప అంత నిశ్శబ్దం ఎరగడు. తన గుండె కొట్టుకోవడం తనకే వినబడింది.

"ఎవలో పోయినట్టున్నరు," అన్నాడు లింగయ్య గొంతు తగ్గించి.

సందు మలుపులో మనుషులు కనిపించారు. తలలు వంచుకుని, మాటా పలుకూ లేకుండా, ఒకరి వెనక ఒకరు వస్తున్నారు. నిశ్శబ్దం మొదలైంది ఈ ఇంటినుంచే గనక ఈ గడప ముందే ఆగారు. వెదుళ్ళు దింపి పాడె కట్టసాగారు. పెంటప్ప ఒకతని భుజం తట్టాడు.

"ఎవలే పోయింది?"

"ఇంటాయనంట," అన్నాడతను, తలెత్తకుండా.

పెంటప్ప చెయ్యి గిల్లి చూసుకున్నాడు. నొప్పయితే తెలిసింది, చచ్చినవాళ్ళకు నొప్పి తెలియదని ఎవరు చూసొచ్చారు గనక! అంతలో కొంతం చౌక్ నుంచి అతని అక్క గోదావరి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, "పెంటప్పా, నా తమ్ముడా" అని ఏడుస్తూ వచ్చింది.

"నేనే అక్కా. ఈడనే ఉన్న."

"మాట గూడ ఇనొస్తున్నది తమ్ముడా," అని ఆమె ఇంకా గట్టిగా ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే మునిసిపల్ గుమాస్తా దత్తాత్రి, గడ్డపారల మనుషులతో దిగాడు. పాడెను చూసి టోపీ తీశాడు. పోయింది పెంటప్ప అని పదిమందీ చెప్పారు.

"సాబ్, ఈ కాగితంల ఏమున్నదో జర చెప్పుండ్రి," అన్నాడు లింగయ్య.

"జవాబు చెప్పే గడువు నిన్నటితో అయిపోయింది. ఇయాల వసారా కూలుస్తం. అంతే."

పెంటప్ప నోరు తెరిచాడు. ఇంట్లోంచి వచ్చిన భార్య ద్రౌపది అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నువ్వెవరు?" అని అతన్నే అడిగాడు దత్తాత్రి.

"పోయినాయన తమ్ముడు," అంది ద్రౌపది.

"అరెరె. ఆసామీనే లేకుంటే ఎవరి మీద చర్య తీసుకుంటం?" అని దత్తాత్రి నోటీసు అందుకుని, అడుగున ఏదో రాసిచ్చి, మనుషులను వెనక్కి తీసుకుపోయాడు.

"నన్ను సంపినవు గదనే," అన్నాడు పెంటప్ప.

"మగ్గం బతికింది గద. జర సప్పుడు చెయ్యకు."

లింగయ్య కాగితం తిప్పి చూశాడు. అడుగున ఇంతే ఉంది: 'పెంటప్ప చనిపోయాడు. వసారా జోలికి పోవద్దు.'

దాజీ పేటకు వచ్చిన సర్కారు రాతల్లో, చదవగానే అందరికీ అర్థమైన ముక్క అదొక్కటే.