ఆమా సూప్‌లో పడ్డ పాచిక

ఆదివారం పొద్దున ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటూ తెయోదూలో మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. చీనావాళ్ళ పేట బినోండోలో కోటెంగ్ వాళ్ళ చందమామ పండగ భోజనానికి వెళ్ళాలి, మర్యాదగా పాచికలాడి ఓడిపోవాలి, తన కొడుక్కీ వాళ్ళమ్మాయి హేజలిన్‌కీ పెళ్ళికి ఊ అనిపించుకుని సాయంత్రం బస్సుకు సొంతూరు లిపా చేరాలి.

"పాచికలాటలో పెద్ద కేకు ప్రతి ఏడాదీ ఆమాకే పోతుంది నాన్నా. హేజలిన్‌కి నాయనమ్మ. మా పెళ్ళి మాట తేల్చేదీ ఆవిడే," అన్నాడు కొడుకు లెమ్యుయేల్. "నువ్వు మాత్రం గెలవకు."

"ముప్పయ్యేళ్ళు చర్చి లాటరీ టికెట్లు కొన్నాన్రా. ఒక్క దువ్వెన కూడా తగల్లేదు," అని మాస్టారు ధైర్యం చెప్పారు.

హోటల్లో గుండ్రటి బల్లమీద సబ్బులు, నూనె డబ్బాలు, ఒక రైస్ కుక్కర్, చిన్న చిన్న పండగ కేకులు, వాటి నడుమ పళ్ళెమంత పెద్ద కేకు. హేజలిన్ తండ్రి ఆన్సన్ ఆట వివరించాడు. గిన్నెలో ఆరు పాచికలు వేయాలి. నాలుగు చుక్కల ముఖం ఎర్రగా ఉంటుంది. ఎరుపులు ఎన్ని పడితే అంత పెద్ద బహుమతి. నాలుగు పడితే పెద్ద కేకు, ఆరూ పడితే బల్లమీదున్నదంతా. పాచిక గిన్నె దాటితే ఆ వంతు పోయినట్టే.

మొదటి వంతుకు మాస్టారికి సబ్బులొచ్చాయి. అందరూ చప్పట్లు కొట్టారు. రెండోసారి నూనె డబ్బా. మూడోసారి రైస్ కుక్కర్ వచ్చేసరికి చప్పట్లు కొట్టింది పిల్లలే. ఆ కుక్కర్ మీద కన్నేసిన హేజలిన్ పిన్ని, పెళ్ళికొడుకు వాళ్ళు సామానుకు లారీ తెచ్చుకున్నారేమో కనుక్కోమని పక్కావిడతో వినబడేటట్టే అంది. మాస్టారి చెవులు కాలిపోయాయి. వడ్డించే అమ్మాయి అడక్కుండానే టీ కప్పు నింపుతూ ఉండబట్టి, ఆయనకు ముఖం దాచుకోవడానికి చోటు దొరికింది.

నాలుగో వంతుకు ఆయనకో ఉపాయం తట్టింది. గట్టిగా విసిరితే ఒక పాచికైనా బయటికి పోతుంది. విసిరారు. అయిదు గిన్నెలో నిలిచాయి. ఆరోది అంచుకు కొట్టుకుని, చేప పళ్ళెం మీదుగా ఎగిరి, ఆమా సూప్‌లో మునిగింది.

గిన్నెలో అయిదూ ఎరుపులే. తన వంతు పోయిందని మాస్టారు సంబరంగా ఒప్పుకున్నారు. కానీ ఆన్సన్ తమ్ముడు ఒప్పుకోలేదు.

"బయట పడితే కదా పోయేది? గిన్నెలోనే పడింది."

"అది సూప్ గిన్నెరా."

"గిన్నె గిన్నే కదన్నయ్యా."

వాదన తేలకముందే ఆమా చెంచాతో సూప్‌లో దేవింది. చేప ఉండ పక్కన పాచిక తేలింది, ఎర్రగా.

ఆరూ ఎరుపులే, బల్లమీదున్నదంతా మాస్టారిదే. అయిదేళ్ళ పాప ఒకతి లేచి వచ్చి, సగం కొరికిన తన కేకును మాస్టారి చేతిలో పెట్టింది. "రూలు తాతా," అంది.

మాస్టారికి నేల చీలితే బాగుండుననిపించింది. పాప కేకు పాపకిచ్చి, పెద్ద కేకును ఆమా ముందుకు జరిపారు. "అమ్మా, ఇది మీదే. ఓడిపోవాలని కావాలనే బయటికి విసిరాను. గెలిస్తే మావాడి పెళ్ళి చెడుతుందని భయపడ్డాను. సిగ్గుగా ఉంది."

ఆమా కేకును వెనక్కి తోసింది.

"పద్దెనిమిదేళ్ళుగా వీళ్ళు నన్ను గెలిపిస్తున్నారు నాయనా. నేను పాచికలు వేయగానే ఈ ఆన్సన్ గిన్నె లాగేసుకుని ఆమా గెలిచిందంటాడు. నాకు చూపు తగ్గింది గానీ బుద్ధి తగ్గలేదు. ఈ కేకులో గుడ్డుసొన నా గొంతు దిగుతుందా అని ఒక్కడైనా అడిగాడా?"

ఇప్పుడు తలలు దించుకోవడం కోటెంగ్ వాళ్ళ వంతయింది. ఆన్సన్ చెంచాకేసి చూస్తూ కూర్చున్నాడు.

"కావాలనే విసిరానని దాచకుండా చెప్పాడీయన," అంది ఆమా. "పిల్లను ఆ ఇంటికే ఇవ్వండి."

ఆ తర్వాత గిన్నెను తన ఒళ్ళోకి లాక్కుని తనే వేసింది, తనే ముఖం ఆనించి చూసుకుంది. ఒక్క ఎరుపూ లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

"ఇంకో కప్పు టీ పోయమంటారా, బావగారూ?" అన్నాడు ఆన్సన్, తల ఎత్తకుండానే.

పెళ్ళి డిసెంబరుకు ఖాయమైంది. వియ్యంకుడుగారు పెళ్ళి పూట పాచికలు ముట్టుకోకూడదని పిన్ని ఒక్క షరతు పెట్టింది.